నాగులమ్మ మర్యాద, పోగమ్మ భయం

నాగులమ్మ ఇంటికి వెళ్లి ఛాయ్ తాగకుండా బయటపడ్డ మనిషి ఆ వీధిలో ఇంతవరకు లేడు. మీటరు చూసి బిల్లు కొట్టే అతనైనా సరే, ఇల్లు తప్పి తలుపు తట్టినవాడైనా సరే, ముందు చెంబుతో నీళ్లు, ఆపైన కుర్చీ, ఆపైన ఛాయ్. వచ్చిన పనేమిటన్న మాట ఆ తర్వాతే. ఒకసారి నార్కట్‌పల్లి నుంచి గ్యాస్ బండలు తెచ్చే అతను తొందరలో ఉన్నాను, ఛాయ్ వద్దన్నాడు. నాగులమ్మ వెళ్లి అతని ఆటోకు అడ్డంగా నిలబడి గ్లాసు చేతికిచ్చింది. పాపం, తాగి, గ్లాసు కడిగి మరీ ఇచ్చిపోయాడు.

ఇది ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన గుణం. నేతపని చేసే ఇళ్లలో మగ్గం ముందుగదిలోనే ఉంటుంది. నేసేవాళ్లు నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటారు. బయటి మనిషి గడప తొక్కితే మగ్గం ఆపి, ఆ గుంతలోంచి లేచి ఎదురెళ్లాలని వాళ్లమ్మ నేర్పింది. పేక పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలో ఉన్నా, పోగు సగంలో ఉన్నా లేవాల్సిందే. కూర్చున్నచోటు నుంచే పలకరిస్తే అది మనిషిని పిలిచినట్టు కాదట, కోడిని అదిలించినట్టట. నాగులమ్మ పద్దెనిమిదేళ్లకు వెంకటరాజం భార్యగా ఈ ఇంటికొచ్చింది, ఇప్పుడు యాభై ఆరు. ఇన్నేళ్లలో ఎంతమంది కోసం ఆ గుంతలోంచి లేచిందో తెలిస్తే, ఆమె మోకాళ్లు ఎందుకు నొస్తున్నాయని ఏ డాక్టరూ అడగడు.

అలాంటి మనిషికి ఇలాంటి పిల్లి దొరకాలా అని వీధి వీధంతా నవ్వేది.

పిల్లి పేరు పోగమ్మ. మూడేళ్ల కిందట నాగులమ్మ నల్గొండ దవాఖానకు వెళ్లి వస్తూ నార్కట్‌పల్లిలో బస్సు మారుతుంటే, ఛాయ్ బండి కింద కనపడింది. హైవే మీద లారీ హారన్ కొట్టినప్పుడల్లా ఆ గుప్పెడంత ఒళ్లు ఎగిరెగిరి పడుతోంది. చూసి ఊరుకోలేక టిఫిన్ సంచిలో వేసుకుని తెచ్చేసింది. తెల్లగా, సన్నగా నూలుపోగులా ఉందని పోగమ్మ అంది. తిని తిని గుమ్మడికాయంత అయ్యాక కూడా ఆ పేరే ఉండిపోయింది.

పనిలో మాత్రం పోగమ్మకు వంక పెట్టడానికి లేదు. గంజి పెట్టిన నూలంటే ఎలుకలకు పండగే కదా. అది వచ్చాక ఆ ఇంట్లో ఎలుక తోక కూడా కనపడలేదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. వెంకటరాజం పొద్దస్తమానం పెరట్లో నూలుకు కట్లు కడుతూ, రంగులు అద్దుతూ ఉంటాడు. కూతురు ఉష పొద్దున్నే బస్సెక్కి నల్గొండ కాలేజీకి పోతే సాయంత్రానికే రావడం. మిగిలిన పగలంతా నాగులమ్మ మగ్గంలో ఒక్కతే. మనుషులంటే పడిచచ్చే ఆమెకు అది పెద్ద శిక్ష. ఆ శిక్షను తప్పించింది పోగమ్మే. ఆమె తొడకు ఒళ్లు ఆనించి, మగ్గం చప్పుడు వింటూ, గురక పెట్టి నిద్రపోయేది. నాగులమ్మ దానితో ఊరి ముచ్చట్లన్నీ చెప్పేది. దాని మీద ఆమెకున్న ప్రేమ అంతా ఇంతా కాదు, కడుపున పుట్టినదాని కంటే ఎక్కువ చేస్తోందని ఉష అలిగిన రోజులు కూడా ఉన్నాయి.

కానీ గడపలో బయటి మనిషి కాలు పడిందా, ఇంక అంతే. పోగమ్మ తారాజువ్వలా లేచి, మగ్గం మీద నిలువుగా సాగదీసి ఉన్న పడుగు పోగుల మీదుగా ఒక్క దూకు దూకి, అవతల అటకెక్కి, గోనె సంచుల వెనక దాక్కునేది. వచ్చినవాళ్లు వెళ్లిపోయి పొయ్యి మీద అన్నం ఉడికేదాకా దిగేది కాదు. వచ్చినవాళ్లు ముందు ఉలిక్కిపడేవాళ్లు, తర్వాత దీన్ని కొడతారా ఏమిటి అన్నట్టు నాగులమ్మ మొహంలోకి చూసేవాళ్లు. ఆ చూపుకు ఆమెకు తల కొట్టేసినట్టయ్యేది. ఇంటికొచ్చిన మనిషిని చూసి ఇంట్లో మనిషి పారిపోవడం ఎంత అప్రతిష్ఠ!

ఆమె చేయని ప్రయత్నం లేదు. వచ్చినవాళ్ల చేతికి నీళ్ల చెంబుతో పాటు ఒక ఎండుచేప కూడా ఇచ్చి, జర పిల్లికి చూపించమని బతిమాలేది. మగ్గానికి వేసిన నంబరు ఫొటో తీసుకోవడానికి నల్గొండ నుంచి వచ్చిన చేనేత ఆఫీసు అతను, ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో ఎండుచేప పట్టుకుని పావుగంట నిలబడ్డాడు. పిల్లి రాలేదు గానీ వీధి కుక్కలు రెండు వచ్చాయి. కొత్తవాళ్లు కళ్లలోకి చూస్తే పిల్లులు బెదురుతాయని ఉష ఫోనులో చదివి చెప్పింది. అప్పటినుంచి నాగులమ్మ వచ్చినవాళ్లందరినీ గోడవైపు తిరిగి కూర్చోమనడం మొదలుపెట్టింది. పోనీ వెనక గదిలో పెట్టి గొళ్లెం వేస్తే, పోగమ్మ పెట్టిన రాగానికి చీర చూడవచ్చిన వాళ్లు లోపల ఎవరినో చావబాదుతున్నారనుకున్నారు.

ఇదంతా నవ్వులాటగానే జరిగిపోయేది, పడుగు జోలికి రాకపోతే. ఆఫీసు అతను వచ్చిన రోజున పోగమ్మ దూకిన దూకుకు నలభై పోగులు తెగాయి. మామూలు నూలైతే ముడివేసుకుంటే సరిపోయేది. అది వెంకటరాజం మూడు వారాలు కూర్చుని, పోగు పోగునూ కట్టి, రంగు ముంచి, విప్పి, మళ్లీ కట్టి చేసిన పడుగు. ఒక్క పోగు వెంట్రుకవాసి జరిగినా పువ్వు రేకు పక్కకు పోతుంది. ఇద్దరూ రెండు రోజులు అన్నం నీళ్లు మరిచి ఆ పోగులు అతికారు. వెంకటరాజం నెమ్మది మనిషి, నెలకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ నెల నాలుగూ ఆ రోజే అయిపోయాయి.

"ఇంకొక్కపారి పడుగు మీద దునికితే గిది హాలియాకే. మైసయ్యకు చెప్పిన."

మైసయ్య వెంకటరాజం తమ్ముడు. హాలియాలో ఒక రైస్ మిల్లులో పనిచేస్తాడు. అక్కడ ఎలుకలు పిల్లుల్ని తరిమేంత ఉన్నాయని, ఒక గట్టి పిల్లి ఉంటే ఇమ్మని ఏడాదిగా అడుగుతున్నాడు. నాగులమ్మకు హాలియా మిల్లు కళ్లముందు మెదిలింది. మిల్లు చప్పుడు, లారీలు, హమాలీల కేకలు. పోగమ్మ అక్కడ వారం బతుకుతుందా? భర్తను తిడదామంటే నోరు రాలేదు. ఆయన వేళ్ల చివర్లు నూలు కోసుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

పది రోజులు బాగానే గడిచాయి. పదకొండో రోజు మధ్యాహ్నం గుర్వమ్మ వచ్చింది. గుర్వమ్మకు ఎనభై దాటాయి, వెనక వీధిలో ఉంటుంది. చెప్పుల్లేని కాళ్లు, పిలిచే అలవాటు లేని నోరు. వచ్చి గడప పక్కన చతికిలబడి, ఒడిలోంచి వక్కలు తీసి నములుతూ నేత చూస్తూ కూర్చుంది. నాగులమ్మ వీపు గడపవైపు. ఆమెకు తెలియనే లేదు.

తెలిసింది ఎట్లా అంటే, తొడ పక్కన వెచ్చదనం లేకపోయేసరికి తెలిసింది. తల తిప్పి చూస్తే పోగమ్మ గడప దగ్గర గుర్వమ్మ కొంగు చివర వాసన చూస్తోంది. గుర్వమ్మ వక్క నములుతోంది. ఇద్దరూ ఏళ్లనాటి స్నేహితుల్లా ఉన్నారు.

నాగులమ్మకు సంతోషం పట్టలేదు. పెద్దమ్మ వచ్చింది, చూసుకోలేదు, ఎంత తప్పు! పోగుల్ని దగ్గరికి కొట్టే పలకను దభాలున వదిలేసి, తొక్కుడు చెక్కలు టపటపలాడగా గుంతలోంచి లేచి, "అయ్యో పెద్దమ్మా, రా రా, ఎప్పుడొచ్చినవే" అంటూ ఇనుప కుర్చీ బరబరా లాగింది. ఇంకేముంది! పోగమ్మ గాల్లో, పడుగు మీద, అటక మీద. పన్నెండు పోగులు తెగాయి.

చప్పుడుకు వెంకటరాజం నీలం రంగు చేతులతో లోపలికొచ్చి, పడుగు చూసి, ఫోను తీశాడు. ఆదివారం వచ్చి తీసుకుపొమ్మని మైసయ్యకు చెప్పేశాడు.

ఆ సాయంత్రం నాగులమ్మ పోగులు అతుకుతూ, కళ్లు తుడుచుకుంటూ అదే ఆలోచించింది. గుర్వమ్మ వచ్చి ఎంతసేపైందో, పిల్లి బెదరలేదు. కొంగు వాసన కూడా చూసింది. మరి ఎప్పుడు బెదిరింది? నాగులమ్మ పోగు ముడివేస్తున్న చెయ్యి ఆగిపోయింది. మర్నాడు భర్త నార్కట్‌పల్లికి రంగుల కోసం వెళ్లాడు, ఉష కాలేజీలో ఉంది. ఇంట్లో ఇంకో మనిషి లేడు. పడుగు మీద దుప్పట్లు రెండు కప్పి, పోగమ్మ నిద్రపోయేదాకా నేసి, నాగులమ్మ ఉన్నట్టుండి పలక దభాలున వదిలి, ఒక్క ఊపున లేచి, గడపవైపు పరుగెత్తి, ఎవరూ లేని వాకిట్లోకి నవ్వుతూ చేతులు చాచి, "రాండ్రి రాండ్రి, కూసోండ్రి, మంచిగున్నరా" అని కుర్చీ లాగింది.

పోగమ్మ అటక మీదుంది.

నాగులమ్మ కుర్చీ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. మూడేళ్ల నుంచి పిల్లి భయపడుతున్నది చుట్టాలకు కాదు. తన మర్యాదకు. ఆ కేక, ఆ పరుగు, ఆ కుర్చీ చప్పుడు. నార్కట్‌పల్లి లారీ ఒకటి రోజూ తన ఒంట్లోంచే బయల్దేరుతోందన్నమాట. ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి వచ్చాయి. అదే సమయానికి గోడ అవతల నుంచి పక్కింటి జంగమ్మ తొంగి చూసి, ఖాళీ వాకిటికి కుర్చీ వేసి నవ్వుతూ ఏడుస్తున్న నాగులమ్మను చూసి, దేవుడు పూనాడనుకుని చెంపలు వేసుకుంది.

జంగమ్మకు విషయం చెప్పి నమ్మించేసరికి తాతలు దిగొచ్చారు. నమ్మాక మాత్రం జంగమ్మ ఆ పని తన పనే అనుకుంది. ఆ రాత్రి నాగులమ్మ, ఆదివారం మైసయ్య తీసుకుపోయే ముందు ఒక పరీక్ష పెట్టి చూద్దామని భర్తను ఒప్పించింది. ఆ రోజే నల్గొండ నుంచి పెళ్లి చీరల కోసం ఏడుగురు వస్తున్నారు. అంతమంది ముందు కూడా పోగమ్మ దూకకపోతే ఉంచుకోవాలి. దూకితే తనే సంచిలో వేసి ఇస్తానంది. వెంకటరాజం తలూపాడు.

ఇంక చూడండి. జంగమ్మ రోజుకు పదిసార్లు చుట్టమై వచ్చేది. నాగులమ్మ నేస్తూనే ఉండేది. మొదటి రోజు అసలు పలకరించలేదు. రెండో రోజు నేతలో చెయ్యి ఆపకుండా, చంటిపిల్లను నిద్రపుచ్చే గొంతుతో రా జంగమ్మా అంది. ఇనుప కుర్చీలు జంగమ్మ ఇంటికి వెళ్లిపోయాయి, వాటి బదులు చాపలు పరిచింది. నీళ్ల కుండ, గ్లాసులు, ఫ్లాస్కులో ఛాయ్ గడప దగ్గరే పెట్టింది, వచ్చినవాళ్లే పోసుకోవాలి. పోగమ్మ మొదట చెవులు నిక్కించింది. మూడో రోజుకు ఒక చెవే నిక్కించింది. నాలుగో రోజు కళ్లు కూడా తెరవలేదు. పదో ఛాయ్‌కి జంగమ్మకే కడుపులో మంట మొదలైంది.

కష్టమంతా నాగులమ్మది. కూర్చోవడం అంత కష్టమని ఆమెకు తెలియదు. గడపలో నీడ పడితే చాలు, మోకాళ్లు వాటంతట అవే లేచేవి. చెంగు తీసి తొడకు, మగ్గం కర్రకు కలిపి కట్టేసుకుంది. నూలు సొసైటీ పెద్దమనిషి వచ్చి నిలబడితే ఆమె కూర్చునే కూసోండ్రన్నా అంది. ఆయన మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి నాగులమ్మకు కళ్లు నెత్తికెక్కాయని వీధిలో చెప్పుకున్నారు. ముప్పై ఎనిమిదేళ్లుగా గ్లాసు గ్లాసు పోసి కట్టుకున్న పేరు అది. ఆ రాత్రి ఆమెకు ముద్ద దిగలేదు. ఉష పక్కన కూర్చుని, ఇంత కష్టమెందుకమ్మా, మైసయ్య బాబాయి మంచిగానే చూసుకుంటాడు కదా అంది.

"అది నన్నే చూసి భయపడ్డది బిడ్డా, మూడేండ్లు. గిప్పుడు నేను తెలుసుకున్నంక దాన్ని పంపిస్తె ఎట్ల?"

ఆదివారం పది గంటలకు కారు ఆగింది. ఏడుగురూ దిగారు. పెళ్లికూతురు, ఆమె అమ్మానాన్నలు, మేనత్తలు, అందరికీ ముందు నాయనమ్మ. జరీ అంచు చీర, చేతికర్ర, ఎదుటివాళ్లు నిలబడి ఉంటేనే మాట్లాడే అలవాటున్న మొహం. చీరలు నేసే ఇళ్లు ఆమె చాలా చూసింది. అన్నిచోట్లా ఆమె గడపలో కాలు పెట్టగానే మగ్గం ఆగేది.

ఇక్కడ ఆగలేదు. నాగులమ్మ వెనక్కి తిరిగి చూసి నవ్వి, మెల్లగా రమ్మని, కూర్చోమని, నీళ్లు తాగమని, మళ్లీ నాడె తోసింది. వెంకటరాజం చాపలు చూపించాడు. ఏడుగురూ నిలబడే ఉన్నారు. నాయనమ్మ చేతికర్ర నేలకు తాకించి, మేం రాకూడని టైములో వచ్చినట్టున్నాం, పోదాం పదండి అంది.

నాగులమ్మ ఒంట్లో రక్తమంతా కాళ్లలోకి దిగింది. లేవాలి. పెద్దమనిషి గడపలోంచి తిరిగిపోతోంది. వాళ్లమ్మ బతికి ఉంటే ఇది చూసి ఏమనేది? తొడకు ఆనుకున్న పోగమ్మ చెవులు రెండూ లేచాయి. ఒళ్లు బిగుసుకుంది. నాగులమ్మకు అది తెలుస్తోంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, చెయ్యి మాత్రం ఆగలేదు.

"పోకు అవ్వా. నేను లేస్తె గీ పిల్లి బెదురుతది. నోరులేనిదాన్ని బెదిరియ్యద్దని కూసున్న, గర్వంతోటి కాదు. జర కూసోండ్రి."

నాయనమ్మ పిల్లి కోసం వెతికింది. తెల్లటి వీపు, రెండు చెవులు కనపడ్డాయి. తర్వాత చేతికర్ర గోడకు ఆనించి, చప్పుడు కాకుండా చాప మీద కూర్చుంది. ఆమె కూర్చున్నాక మిగతా ఆరుగురూ కూర్చోక చస్తారా?

మగ్గం నడుస్తోంది. పడుగులో ఎరుపు, పేకలో నలుపు, ఒక్కో పోగు పడుతుంటే పువ్వు ఒక్కో రేకు విప్పుకుంటోంది. కబుర్లు లేవు, ఫోన్లు లేవు. పెళ్లికూతురు మోకాళ్ల మీద ముందుకు జరిగింది. నాయనమ్మ, యాభై ఏళ్ల నుంచి ఇసుంటి చీరలు కడుతున్నాను, నేస్తుంటే చూడడం ఇదే మొదలు అని గుసగుసగా అంది. ఎక్కడికెళ్లినా తనకోసం మగ్గం ఆపేసేవారట. మరి కనపడేదెట్లా? వెంకటరాజం తలుపు పక్కన నిలబడి, తను కట్టిన పువ్వును ఏడుగురు కళ్లార్పకుండా చూడడం చూశాడు. అతనికీ అది మొదటిసారే.

అప్పుడొచ్చాడు మైసయ్య. హాలియా బస్సు దిగి, చంకలో గోనె సంచితో, వదినే అని పిలవడానికి నోరు తెరిచాడు. చాప మీదున్న ఏడుగురూ ఒక్కసారే పెదవుల మీద వేలు పెట్టారు. మైసయ్య నోరు తెరిచినట్టే ఉండిపోయింది. సంచి కింద పెట్టి, ఏదో పూజ జరుగుతోందనుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

సంచిలో తవుడు వాసన ఉంది. మిల్లు ఎలుకల వాసన కూడా ఉందేమో. పోగమ్మ లేచింది. పోగమ్మ పడుగు వైపు పోలేదు. గుంత గట్టు దిగి, వరసగా పెళ్లికూతురు చెయ్యి, నాయనమ్మ చేతికర్ర, మేనత్త హ్యాండ్‌బ్యాగు వాసన చూసుకుంటూ, తీరిగ్గా వెళ్లి సంచి మీద రెండు చుట్లు తిరిగి, ముడుచుకుని పడుకుంది.

మైసయ్యకు ఇంతకంటే సులువైన పని ఏముంది? నాలుగు మూలలూ పట్టుకుని పైకి లేపితే అయిపోతుంది. అతను అన్నవైపు చూసి, మూలలకు చెయ్యి చాచాడు. నాగులమ్మ చేతిలో నాడె ఆగింది. గదిలో మొదటిసారి చప్పుడు లేదు. ఆమె లేవలేదు, అరవలేదు, భర్త మొహం చూసింది అంతే.

వెంకటరాజం గొంతు సవరించుకున్నాడు, అది కూడా మెల్లగా.

"లేపకు మైసయ్యా. మంచిగ పండుకున్నది. సంచి మల్ల పంపుత తియ్."

నాగులమ్మ నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది. నాయనమ్మ రెండు చీరలు చాలవు, నాలుగు కావాలంది. మైసయ్య అన్నం తిని, సాయంత్రం ఉత్త చేతులతో బస్సుకు బయల్దేరాడు. ఆ ఇంట్లోంచి వెళ్లే చుట్టాన్ని వీధి మలుపు దాకా సాగనంపకుండా నాగులమ్మ ఉన్నది ఆ ఒక్క రోజే. పోగమ్మ ఇంకా నిద్ర లేవలేదు మరి.